సున్నాకి ముందున్న గీత

పోయిన వారం ఆ అమ్మాయిని స్టోరు గదిలో, చేతిలో మందం కొలిచే వెర్నియరుతో, నోట మాట రాని స్థితిలో నిలబెట్టి వచ్చేశాం. ఒక మనిషిని అలాంటి చోట ఏడు రోజులు నిలబెట్టడం న్యాయం కాదు. ముందు అక్కడికే పోదాం.

మెకానికల్ మూడో సంవత్సరం చదువుతోంది ఆమె. తోటివాళ్ళంతా ఇంటర్న్‌షిప్ పేరుతో చల్లటి గదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటే, ఈమెకి లిఫ్టులు బాగుచేసే కంపెనీ వచ్చింది. డిపోలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ ‘కాలేజీ’. ‘కాలేజీ, ఆ గ్రీజు డబ్బా అందుకో.’ ‘కాలేజీ, తల జాగ్రత్త.’ ఎనిమిది వారాలుగా ఆమెను వెంటబెట్టుకుని తిప్పుతున్నది ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న పెద్ద మెకానిక్కు. ఆయన్ని మేనేజరు దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా మాస్టారనే అంటారు. ఏటా కాలేజీకి ఉత్తరం రాయించి, ఒక విద్యార్థిని అడిగి మరీ తెప్పించుకునేది ఆ కంపెనీలో ఆయనొక్కరే. కొత్తవాళ్ళకి నేర్పాలని పెద్దాయనకి ఎంత తపనో అని కాలేజీలో ట్రైనింగ్ మేడమ్ పొగడని రోజు లేదు.

ఆ ఉదయం స్టోరు బాబాయి ఒక పిన్ను చేతికిచ్చి ఎంతుందో కొలవమన్నాడు. కొలిచింది. పది పాయింట్ ఎనిమిది అంది. బాబాయి పడీపడీ నవ్వాడు.

“దాని నెత్తిమీదే తొమ్మిది పాయింట్ ఎనిమిది అని కొట్టి ఉంది కదే తల్లీ! ఈ జారే ముక్క మీద సున్నా ఉంది చూడు. దానికి ముందున్న గీత చదవాలి. తర్వాతి గీత దగ్గరగా కనబడుతోంది కదా అని అది చదివితే, ఒక మిల్లీమీటరు ఊరికే వచ్చి కలుస్తుంది.”

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం నోటుపుస్తకం తెరిచి, ఎనిమిది వారాల కొలతలన్నీ వేలితో వెనక్కి చూసుకుంటూ పోయింది. చివరి అంకె అయిదు దాటని చోట ఫరవాలేదు, సరిగానే చదివింది. దాటిన చోటల్లా ఒకటి ఎక్కువ. బోల్టులు, పిన్నులు, బుష్షులు... వాటి మాట అలా ఉంచితే, ఆరు వారాల నాటి పేజీ దగ్గర వేలు ఆగిపోయింది. కిడ్నీ ఆస్పత్రి లిఫ్టు, ఇనుప తాళ్ళు నాలుగు. పన్నెండు పాయింట్ ఆరు, పన్నెండు పాయింట్ ఆరు, పన్నెండు పాయింట్ ఏడు, పన్నెండు పాయింట్ ఆరు. ‘బాగున్నాయి’ అని పక్కన తన చేతిరాతే. కింద మాస్టారి సంతకం.

పదమూడు మిల్లీమీటర్ల తాడు అరిగి అరిగి పదకొండు పాయింట్ ఏడుకి వచ్చిందంటే, దాన్ని ఆ పూటే తీసెయ్యాలి. ఆ లెక్క మాస్టారు ఆమెకి మొదటి వారంలోనే నేర్పారు.

*

మాస్టారు డిపో వాకిట్లో బల్ల మీద కూర్చుని, పనిముట్ల సంచీ సర్దుకుంటున్నారు. ఏ పనిముట్టు ఏ అరలో ఉండాలో ఆయన చేతులకి తెలుసు. కాలేజీ పరుగున వచ్చి ఎదురుగా ఆగింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండడుగులు అటూ ఇటూ వేసింది.

“కాలు నిలవడం లేదేం? మధ్యాహ్నం మీ మేడమొచ్చి పరీక్ష పెడతారనా?”

“మాస్టారూ, నేను తప్పు చేశాను.”

చెప్పింది. ఒక్క ఊపిరిలో, పిన్ను దగ్గర్నుంచి ఆస్పత్రి తాళ్ళ దాకా అంతా చెప్పింది. ఆయన చేతులు సంచీ మీద ఆగిపోయాయి. తిడతారనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

“పేజీ చదువు,” అన్నారు.

చదివింది.

“మళ్ళీ చదువు. ఒకటి తీసేసి.”

“పదకొండు పాయింట్ ఆరు. ఆరు. ఏడు. ఆరు.”

 తిట్టకపోయేసరికి ఆమెకి కొంచెం ధైర్యం వచ్చింది. పొద్దుట్నుంచి ఆమె పట్టుకుని వేళ్ళాడుతున్న ఆశ ఒక్కటే.

“నేను తప్పు చదివినా, మీరు చూసే సంతకం పెట్టారు కదా మాస్టారూ? మీరు చూసినప్పుడు ఎంతుంది?”

ఆయన సంచీ మూత బిగించారు.

“ఎంతుందో గుర్తు లేదా?”

“ఆఫీసు వ్యాను బయటికెళ్ళింది. నడిచిపోదాం పద. రెండు వీధులేగా,” అంటూ ఆయన లేవబోయారు.

ఎందుకు చేసిందో ఆమెకి ఆ తర్వాత కూడా సరిగ్గా తెలియలేదు. చేతిలో ఉన్న వెర్నియరుని ఇష్టమొచ్చినంత తెరిచి, మర బిగించి, ఆయన ముందు పెట్టింది.

“ఇదెంతుంది మాస్టారూ?”

ఆయన వెర్నియరు అందుకున్నారు. కళ్ళ దగ్గరికి తీసుకోలేదు. చిటికెనవేలి కొస ఆ ఖాళీ మీద ఆనించి, అటూ ఇటూ కదిపి చూశారు.

“తొమ్మిదిన్నర ఉంటుంది.”

ఉన్నది తొమ్మిది పాయింట్ నాలుగు. వేలితో అంత దగ్గరగా చెప్పగల మనిషి ఆ డిపోలో ఇంకొకరు లేరు. కానీ ఆమె అడిగింది వేలిని కాదు. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

అప్పుడు మాస్టారు మళ్ళీ బల్ల మీద కూర్చున్నారు. ఎవరైనా వింటున్నారేమోనని తల తిప్పి, గొంతు తగ్గించారు.

“కళ్ళకి నడిమధ్యలో మచ్చ పడిందమ్మా. దేన్ని సూటిగా చూస్తే అది మాయమైపోతుంది. పక్కనున్నవి కనపడతాయి. నడవగలను, మెట్లెక్కగలను, మనిషొస్తే మనిషని తెలుస్తుంది. గీతలు మాత్రం పోయాయి. అంకెలు పోయాయి.” మొహం ఆమె వైపు తిప్పి, “ఇప్పుడు నువ్వు ఎదురుగా ఉన్నావా, నీ జడ కనపడుతోంది, చెవి కనపడుతోంది. మొహం ఎలా ఉంటుందంటే చెప్పలేను,” అన్నారు.

ఎనిమిది వారాలు. మాట్లాడేటప్పుడు ఆయన చూపు ఎప్పుడూ తన భుజం పక్కగా పోయేది. ఆడపిల్ల కదా, పెద్దమనిషి మర్యాద అనుకుంది. ఇంట్లో అమ్మతో గొప్పగా చెప్పింది కూడా. ‘గట్టిగా చదువు కాలేజీ, వినపడాలి’ అన్న ప్రతిసారీ తనకి పెద్దరికం ఇస్తున్నారని మురిసిపోయింది. రోజూ పదకొండింటికి ఆయన భార్య ఫోను చేసి ‘చుక్కలు వేసుకున్నారా’ అని అడిగేది. ఏ జలుబుకో అనుకుంది.

“ఎన్నాళ్ళయింది?”

“నాలుగేళ్ళు దాటింది.”

“ఏటా మా కాలేజీకి ఉత్తరం రాయించేది...”

ఆయన తల దించుకున్నారు.

“అంటే నాకు నేర్పడానికి కాదు. మీకు చదివి పెట్టడానికి!” అంది. గొంతు పైకి లేచింది, తనకే తెలియకుండా. “నా అప్లికేషన్ చూసి ఎంచుకున్నారని మా నాన్న ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు మాస్టారూ.”

“నేర్పలేదా నీకు?” ఆయనకీ రోషం వచ్చింది. “బ్రేకు ఎక్కడ పట్టేస్తోందో చెయ్యి పెట్టి చెప్పడం ఎవరు నేర్పారు? తలుపు మోటారు వాసన బట్టి పసిగట్టడం ఎవరు నేర్పారు? నీ ముందొచ్చిన ముగ్గుర్నీ అడుగు, పని నేర్పలేదంటారేమో!”

“నేర్పారు. అన్నీ నేర్పారు. వెర్నియరు ఒక్కటి నేర్పలేదు.”

ఆ మాట అనేశాక నాలుక కరుచుకుంది. కానీ అది నిజం. ఎలా నేర్పుతారు? తను తప్పు గీత దగ్గర చూస్తున్నప్పుడు పక్కన నిలబడ్డ మనిషికి ఏ గీతా కనపడటం లేదు. కాలేజీలో అయినా నేర్చుకుని ఉండాల్సింది. అక్కడ ల్యాబులో ఆరుగురికి ఒక వెర్నియరు. చదివేది ఒకడు, రాసుకునేది అయిదుగురు. ఆమె ఎప్పుడూ రాసుకునే అయిదుగురిలోనే ఉండేది.

“ఇంట్లో కూర్చోలేకపోయారా అంటావు,” అన్నారు మాస్టారు, ఆమె ఆ మాట అనకపోయినా. “కూర్చుంటే ఆ మచ్చ తప్ప ఇంకేం ఉండదమ్మా నాకు. ఇక్కడైతే చేతులకి పనుంది.” సంచీ భుజాన వేసుకున్నారు. “ఇప్పుడు ఆ ముచ్చట్లెందుకు. పద. ముందా లిఫ్టు సంగతి చూడాలి.”

*

దారిలో ఆమె రెండడుగులు ముందుకి వెళ్ళిపోతోంది, మళ్ళీ ఆగుతోంది. కోపం ఉంది, జాలి ఉంది, ఏది ముందో తేలడం లేదు. వాటి వెనక భయం తరుముతోంది. ఇప్పుడు, ఈ నిమిషంలో, ఆ పెట్టెలో ఎవరున్నారో!

కిడ్నీ ఆస్పత్రి అయిదంతస్తులు. నాలుగో అంతస్తులో రక్తం శుభ్రం చేసే యంత్రాలున్నాయి. ఉదయం బ్యాచీ అయిపోయే వేళ. వీల్‌చైరులో ఒక ముసలాయన, పక్కన కూతురు కాబోలు, లిఫ్టులోంచి బయటికొచ్చారు. తలుపులు మూసుకున్నాయి. పెట్టె మళ్ళీ పైకి పోయింది. కాలేజీ మెట్లమీద రెండేసి చొప్పున ఎక్కడం మొదలుపెట్టింది. మాస్టారు గోడకి చెయ్యి ఆనించి, ఆయాసపడుతూనే వెనకబడకుండా వచ్చారు.

డాబా మీద యంత్రం గది. పెట్టె నాలుగో అంతస్తులో ఆగి, తలుపులు తెరుచుకుని, లోపలి మనుషులు దిగారని కింద ఆయాతో ఫోనులో ఖాయం చేసుకున్నాక, మాస్టారు మెయిన్ స్విచ్చి దించారు. చక్రం మీద నాలుగు తాళ్ళు నల్లగా, జిడ్డుగా నిలిచిపోయాయి.

ఆయన జేబులోంచి పాత నూలు గుడ్డ తీసి, తాడు చుట్టూ పట్టుకుని జార్చారు. తీగ ఎక్కడైనా తెగితే గుడ్డ దానికి పట్టుకుంటుంది. నున్నగా జారింది.

“ఆ రోజూ ఇలాగే జారింది. తెగలేదు కదా, నీ కొలత కూడా బాగుంది కదా అని ధైర్యపడ్డాను. జిడ్డు తాడు మీద వేలికి తెలియలేదు, తెగకుండా అరిగిపోయింది. చదువు.”

ఆమె వెర్నియరు బిగించింది.  సున్నా ఎక్కడుంది, దానికి ముందున్న గీత ఏది? ఒకటికి మూడుసార్లు చూసింది.

“పదకొండు పాయింట్ అయిదు.”

ఆరు వారాల్లో ఇంకో పాయింటు తగ్గింది. రెండో తాడూ అంతే. మూడోది ఆరు, నాలుగోది అయిదు. నాలుగూ నోటుపుస్తకంలో పాత అంకెల పక్కనే రాసింది. ఆరు వారాలుగా రోజుకి రెండు బ్యాచీలు ఈ తాళ్ళ మీదే ఎక్కీ దిగీ ఉన్నాయి.

మాస్టారు స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

అంతలో మెట్లమీద చెప్పుల చప్పుడు. నాలుగో అంతస్తు హెడ్ నర్సు, మెడలో కళ్ళజోడు వేళ్ళాడుతూ, గుమ్మంలోకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏం పెట్టుకున్నారయ్యా మీరు? పదకొండు మంది సూదులు తీయించుకుని, నీరసంతో కూలబడి ఉన్నారు. రెండో లిఫ్టు మీరు విప్పి పడేసి నెల దాటింది. ఇదొక్కటే దిక్కు. అరగంట తర్వాత చేసుకోండి మీ పని, ముందు స్విచ్చి వెయ్యండి.”

“వెయ్యలేమమ్మా,” అన్నారు మాస్టారు.

“వెయ్యలేరా, వెయ్యరా?”

“తాళ్ళు అరిగిపోయాయండీ,” అంది కాలేజీ. “ముందే చూడాల్సింది. నేను తప్పు కొలిచాను. ఇంకొక్కసారి కూడా ఎక్కించకూడదు. ఎవర్నీ.”

హెడ్ నర్సు ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. ఇంత చిన్నపిల్ల ఇంత నిక్కచ్చిగా తప్పు ఒప్పుకోవడం ఆవిడకి కొత్తేమో, చేతులు నడుం మీంచి దిగాయి.

“మెట్లమీద దింపాలంటే ఒక్కొక్కరికీ నలుగురు కావాలి,” అంది చివరికి. “మీ డిపో నుంచి మనుషుల్ని పంపించమను. నేను స్ట్రెచర్లు చూస్తాను. లిఫ్టుతో సహా పడిపోవడం కన్నా నయంలే.” దిగిపోతూ, “రాసి మాత్రం ఇవ్వండి,” అని అరిచింది.

ఇక మేనేజరుకి చెప్పాలి. కాలేజీ ఫోను తీసింది. సిగ్నలు కిటికీ దగ్గరే ఉంది. స్పీకరు నొక్కి గట్టు మీద పెట్టబోతుంటే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

“నేను చూసి సంతకం పెట్టానని చెప్పు. తప్పు నా మీద పడుతుంది. నీ చదువుకి అడ్డం రాదు.”

“మరి ఈ లిఫ్టు ఒక్కటే కదా బాగవుతుంది మాస్టారూ?”

ఆయనకి అర్థం కాలేదు.

“నా ముందొచ్చిన ముగ్గురూ అదే ల్యాబులో చదువుకున్నవాళ్ళు,” అంది. “ఆ ఒక్క వెర్నియరుతోనే.”

ఆయన చెయ్యి మెల్లగా కిందికి జారింది. ఆమె ఫోను గట్టు మీద పెట్టింది.

మేనేజరు రెండో రింగుకే ఎత్తాడు. ఆమె చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

“సరే,” అన్నాడు అంతా విని. “తాళ్ళు మార్పిద్దాం. మనుషుల్ని పంపిస్తున్నాను. నువ్వు మాత్రం ఒక్క కాగితం రాసివ్వు. ఇంటర్న్ పొరపాటున తప్పు చదివింది అని. మీ మేడమ్ వస్తున్నారు, నేను మాట్లాడతాను. నీ రిపోర్టు చెడగొట్టనులే.”

“మాస్టారు కూడా చూడలేదు సార్.”

“ఏంటి?”

“ఆయనకి గీతలు కనపడవు. నాలుగేళ్ళుగా. పాతవన్నీ మళ్ళీ కొలవాలి.”

అవతల కుర్చీ కిర్రుమంది. ఏదో తలుపు మూసిన చప్పుడు. మళ్ళీ మాట్లాడినప్పుడు మేనేజరు గొంతు మారిపోయింది. చిన్నపిల్లకి నచ్చజెప్పే గొంతు.

“నాకు తెలుసమ్మా.”

కాలేజీకి తను విన్నది నిజమో కాదో అర్థం కాలేదు.

“మొదటి ఏడాదే తెలిసింది. సంతకం గీత మీద పెట్టకుండా పక్కకి పెడుతుంటే తెలియదా? ఆయన చేతిలో ఉన్న పని ఇంకెవరికీ రాదు. చెయ్యి ఆయనది, కళ్ళు మీ పిల్లలవి. అలా నడిపించుకొచ్చాం. మీకు సర్టిఫికెట్లు ఇచ్చాం కదా! ఎవరికేం నష్టం జరిగింది ఇన్నాళ్ళూ?” అని, గొంతు ఇంకాస్త తగ్గించాడు. “చూడూ, ఒక్క మాట. నాకు తెలుసన్న సంగతి మాత్రం ఆయనకి చెప్పకు. దాచిపెట్టాననుకుని బతుకుతున్నాడు. పెద్దాయన తట్టుకోలేడు.”

 కాలేజీ తలెత్తి చూడలేకపోయింది. ఆయన అడుగు దూరంలోనే ఉన్నారు. గట్టు తడుముకుంటూ వచ్చి, ఫోను మీదికి వంగారు.

“తట్టుకున్నాను సార్,” అన్నారు.

మేనేజరు ఏదో అనబోయే లోపే మళ్ళీ అందుకున్నారు.

“నాలుగేళ్ళ రిజిస్టర్లూ బయట పెట్టించండి. మళ్ళీ కొలవాల్సినవి ముప్ఫై ఏడున్నాయి. ఈ పిల్లా నేనూ బయల్దేరుతున్నాం. స్టోరు బాబాయిని కూడా పంపించండి, ఈసారి ఇద్దరు చదవాలి.” ఫోను ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలియక ఆమె వైపు తోశారు. ఆమె ఆపేసింది.

సంచీ తీసుకునే ఆయన చేతులు అర వెతుక్కున్నాయి. మొదటిసారి చూసింది ఆమె, ఆ చేతులు వెతుక్కోవడం. ఏం మాట్లాడినా తక్కువే అనిపించి, సంచీ తను అందుకుంది.

“ముందు ఎక్కడికి మాస్టారూ?”

“ఎక్కువ మంది ఎక్కేదెక్కడో అక్కడికి.”

“అంటే?”

“మీ కాలేజీ అమ్మాయిల హాస్టలు. ఎనిమిదంతస్తులు.” ఆయనకి అంకెలు కనపడవు గానీ, విన్న అంకె ఏదీ మరిచిపోరు. “పోయిన వేసవిలో కొలిచాం. నీ ముందొచ్చిన కుర్రాడు చదివాడు. పన్నెండు ఉందన్నాడు. పన్నెండు పాయింట్ తొమ్మిది. ఒకటి తీసేసి, ఆ పైన ఏడాది అరుగుదల లెక్క వేసుకో.”

కాలేజీ చేతి గడియారం చూసుకుంది. ఒంటిగంటకి ఇరవై నిమిషాలు తక్కువ. ఒంటిగంటకి క్లాసులు వదులుతారు. మూడొందల మంది అమ్మాయిలు ఆకలి మీద ఒక్కసారిగా హాస్టలుకి వస్తారు. మెట్లెక్కే ఓపిక ఒక్కరికీ ఉండదు.

వార్డెన్ నంబరు నొక్కింది. రింగవుతోంది. రింగవుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.